అల్యూమినియం రేకు పెట్టె: మడత, అతుకు పద్ధతులు

అల్యూమినియం రేకు పెట్టె అంటే పలుచని అల్యూమినియం రేకును కొలతకు కత్తిరించి, గీతల వెంట మడిచి, అంచులను ఒకదానితో ఒకటి అతికి తయారుచేసే డబ్బా. అతుకుకు రివెట్లు, స్క్రూలు, మడత అతుకు, బ్రేజింగ్, వెల్డింగ్, జిగురు వాడతారు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసే డబ్బాలు, దిమ్మెను తొలిచి చేసేవి, ప్రెస్సులో సాగదీసి చేసే గిన్నెలు ఈ వర్గంలోకి రావు. ఇంటి దగ్గర, చిన్న వర్క్‌షాపుల్లో చేసే పెట్టెలకు సాధారణంగా 0.7 నుంచి 2 మి.మీ. మందం రేకు వాడతారు.

ఇనుప రేకు పనికీ ఈ పనికీ మూడు ముఖ్యమైన తేడాలున్నాయి. మడిచిన అల్యూమినియం ఇనుము కన్నా ఎక్కువగా వెనక్కి లేస్తుంది. గట్టి రకం రేకు పదునైన మూలకు మడిస్తే చీలుతుంది. మామూలు తగరపు టంకం దీనికి అంటుకోదు. రేకు ఎంపిక, మడత వ్యాసార్థం, అతుకు పద్ధతి అనే మూడు నిర్ణయాలు ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి కాబట్టి వాటిని కోతకు ముందే, నమూనా గీసే దశలోనే తీసుకోవాలి.

## చరిత్ర

అల్యూమినియాన్ని 1825లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ తొలిసారి వేరుచేశాడు. 1827లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ వోలర్ మరో పద్ధతిలో లోహాన్ని పొడిగా రాబట్టాడు. 1854లో ఫ్రాన్స్‌లో హెన్రి సాంత్-క్లేర్ దెవీల్ దాని తయారీని ప్రయోగశాల దాటించినా ధర మాత్రం ఎక్కువగానే ఉండేది. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ విడివిడిగా విద్యుద్విశ్లేషణ పద్ధతిని కనుగొన్న తర్వాతే అల్యూమినియం రేకు మామూలు వాడుకకు అందుబాటులోకి వచ్చింది.

భారతదేశంలో అల్యూమినియం రేకు పనికి తొలి కేంద్రాల్లో మద్రాసు ఒకటి. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కాలంలో, 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీని ప్రారంభించాడు. ఆ పని తర్వాత ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లింది. దేశంలో లోహం ఉత్పత్తి 1940లలో మొదలైంది. 1962లో రేణుకూట్‌లో హిందాల్కో కర్మాగారం పనిచేయసాగింది. 1981లో ప్రభుత్వ రంగంలో నాల్కో ఏర్పడింది. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో తయారుచేసే అల్యూమినా విశాఖపట్నం రేవు మీదుగా ఎగుమతి అవుతుంది.

మడత, అతుకు పద్ధతుల్లో వచ్చిన మార్పులకు విమాన పరిశ్రమ ప్రధాన కారణం. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ రాగి కలిసిన అల్యూమినియం మిశ్రమం వేడిచేసి చల్లార్చాక కాలం గడిచేకొద్దీ గట్టిపడుతుందని గుర్తించాడు. దాన్నుంచి డ్యూరాలుమిన్ వచ్చింది. ఒకవైపు నుంచే బిగించగల రివెట్‌కు 1916లో హామిల్టన్ నీల్ వైలీ బ్రిటన్‌లో పేటెంట్ దరఖాస్తు చేశాడు. నేడు పాప్ రివెట్ అని పిలిచేవి ఆ వరుసలోనివే. 1941లో నార్త్‌రప్ విమాన సంస్థలో రస్సెల్ మెరెడిత్ టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్, జడవాయువులతో వెల్డింగ్ పద్ధతిని రూపొందించాడు. ఇది తర్వాత టిగ్ వెల్డింగ్‌గా స్థిరపడింది. దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో నార్మన్ డి బ్రయిన్ రెడక్స్ అనే లోహపు జిగురును తయారుచేశాడు.

## పదార్థం

### లోహ గుణాలు

అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది సుమారు 7.85 గ్రాములు. అందువల్ల 1.2 మి.మీ. రేకు చదరపు మీటరుకు 3.24 కిలోలు తూగితే, అంతే మందమైన ఉక్కు రేకు 9.4 కిలోలు తూగుతుంది. 300 × 200 × 150 మి.మీ. కొలతల మూసిన పెట్టెకు మడత అంచులు కలపకుండా 0.27 చదరపు మీటర్ల రేకు పడుతుంది. 1.2 మి.మీ. అల్యూమినియంతో చేస్తే దాని బరువు సుమారు 0.9 కిలోలు.

ఈ తేలికతనాన్ని పూర్తి లాభంగా లెక్కించకూడదు. అల్యూమినియం స్థితిస్థాపక గుణకం సుమారు 70 గిగాపాస్కల్స్, ఉక్కుది 200. ఒకే మందంలో అల్యూమినియం పలక ఉక్కు పలక కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వంగుతుంది. వంగకుండా ఉండే శక్తి రెండింటిలో సమానం కావాలంటే అల్యూమినియం 1.4 రెట్లు మందంగా ఉండాలి. అప్పుడు బరువు ఉక్కులో సగం అవుతుంది. పెట్టె బిగువు రేకు మందం కన్నా అంచు మడతల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

### మిశ్రమాలు, టెంపర్

అల్యూమినియం మిశ్రమాలను నాలుగంకెల సంఖ్యతో గుర్తిస్తారు. సంఖ్య తర్వాత వచ్చే అక్షరం, అంకె రేకు ఎంత గట్టిదో తెలిపే టెంపర్‌ను సూచిస్తాయి. ఓ అంటే పూర్తిగా మెత్తబరిచినది. హెచ్ వరుస అంటే రోలింగ్ వంటి చల్లని పనితో గట్టిపడినది. టి వరుస అంటే ఉష్ణ చికిత్సతో గట్టిపడినది. భారతీయ ప్రమాణాల్లో సాధారణ ఇంజనీరింగ్ రేకులు ఐఎస్ 737 కిందికి వస్తాయి.

- 1100: 99 శాతం, ఆపైన స్వచ్ఛత ఉన్న లోహం. చాలా తేలికగా మడతపడుతుంది, బలం తక్కువ.
- 3003: సుమారు 1.2 శాతం మాంగనీసు కలిసినది. సాధారణ డబ్బాలకు అనువైనది.
- 5052: సుమారు 2.5 శాతం మెగ్నీషియం కలిసినది. హెచ్32 టెంపర్‌లో బలం, మడత గుణం రెండూ తగినంతగా ఉంటాయి. ఉప్పు గాలికి తట్టుకుంటుంది.
- 6061: మెగ్నీషియం, సిలికాన్ కలిసినది. టి6 టెంపర్‌లో బలంగా ఉంటుంది, పదునైన మడతకు చీలుతుంది.
- 2024, 7075: విమాన భాగాల మిశ్రమాలు. చేతి మడతకు, వెల్డింగ్‌కు అనుకూలం కావు.

### మందం

మన హార్డ్‌వేర్ దుకాణాల్లో రేకు మందాన్ని మిల్లీమీటర్లలోనే కాక గేజిలోనూ చెబుతారు. స్టాండర్డ్ వైర్ గేజి ప్రకారం 22 గేజి 0.71 మి.మీ., 20 గేజి 0.91, 18 గేజి 1.22, 16 గేజి 1.63, 14 గేజి 2.03. గేజి సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలుచబడుతుంది. అరచేతి అంత ఎలక్ట్రానిక్ డబ్బాలకు 20 లేదా 18 గేజి, పనిముట్ల పెట్టెలకు 16 గేజి సరిపోతాయి. బోర్డులకు వాడే ఏసీపీ షీటు ఈ కోవకు చెందదు. అది రెండు పలుచని అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక. దాన్ని లోపలివైపు గాడి తీసి మడుస్తారు.

## పెట్టె రకాలు

ట్రే, మూత: ఒకే రేకు నాలుగు మూలలు కత్తిరించి, నాలుగు అంచులు పైకి మడుస్తారు. మూత కొంచెం పెద్ద కొలతతో ఇలాగే వస్తుంది.

రెండు యు ఆకారాలు: ఒక రేకు అడుగు, ముందు, వెనుక గోడలుగా, మరో రేకు పైభాగం, రెండు పక్కలుగా మడతపడతాయి. ఒకదానిలో మరొకటి కూర్చుని స్క్రూలతో బిగుసుకుంటాయి. సాధారణ పనిముట్లతో చేయదగిన రకం ఇదే. రేడియో, యాంప్లిఫయర్ డబ్బాలకు ఎక్కువగా వాడతారు.

చుట్టు గోడ: నాలుగు గోడలూ ఒకే పట్టీగా మడిచి, చివరి అంచును మొదటి అంచుకు అతికి, అడుగు పలకను విడిగా చేరుస్తారు. లోతైన పెట్టెలకు రేకు వృథా తగ్గుతుంది.

యాంగిల్ చట్రం: అల్యూమినియం యాంగిల్ పట్టీలతో చట్రం కట్టి, మడతలు లేని పలకలను రివెట్లతో బిగిస్తారు. మడత యంత్రం లేని చోట, పెద్ద ట్రంకు పెట్టెలకు ఇది అనువైనది.

## నమూనా, కొలతలు

పెట్టెను విప్పి పరిచినట్టు రేకు మీద గీసే ఆకృతిని డెవలప్‌మెంట్ అంటారు. మడత దగ్గర రేకు వెలుపలి పొర సాగుతుంది, లోపలి పొర నలుగుతుంది. మధ్యలో పొడవు మారని తలం ఒకటి ఉంటుంది. లోపలి ముఖం నుంచి ఆ తలం ఎంత దూరంలో ఉందో చెప్పే నిష్పత్తే కె-ఫ్యాక్టర్. ఇది సాధారణంగా 0.33 నుంచి 0.5 మధ్య ఉంటుంది.

90 డిగ్రీల మడతలో ఖర్చయ్యే రేకు పొడవు = 1.571 × (లోపలి వ్యాసార్థం + కె-ఫ్యాక్టర్ × మందం). రేకు మందం 1.2 మి.మీ., వ్యాసార్థం 1.2 మి.మీ., కె-ఫ్యాక్టర్ 0.4 అయితే ఇది 2.64 మి.మీ. వస్తుంది. వెలుపలి కొలతలు కూడినప్పుడు మూల దగ్గర రెండు వైపులా 2.4 చొప్పున 4.8 మి.మీ. లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఒక్కో మడతకు 4.8లోంచి 2.64 పోగా మిగిలే 2.16 మి.మీ. తగ్గించాలి. అడుగు 150 మి.మీ., గోడలు 50 మి.మీ. చొప్పున ఉన్న యు ఆకారానికి పరచిన పొడవు 250 కాదు, సుమారు 245.7 మి.మీ. యంత్రాన్ని, రేకును బట్టి ఈ అంకె మారుతుంది కాబట్టి అదే రేకు తుంటను ఒకటి మడిచి కొలిచి సరిచూసుకోవాలి.

కోత గీతలకు మాత్రమే స్క్రైబర్ వాడాలి. మడత గీత మీద లోతైన గీటు పడితే అక్కడే చీలిక మొదలవుతుంది. మడత గీతలను సన్నని మార్కర్ పెన్నుతో గీస్తారు. పెన్సిల్ గ్రాఫైట్ చెరగకుండా ఉండిపోతే తేమలో అల్యూమినియాన్ని తినేసే అవకాశం ఉంది కాబట్టి విమాన పనిలో పెన్సిల్ వాడరు. రెండు మడత గీతలు కలిసే మూలలో మందానికి కనీసం రెట్టింపు వ్యాసమున్న రంధ్రం వేస్తే మూల చీలదు.

## కత్తిరింపు

1.2 మి.మీ. వరకు రేకు కత్తెరతో కోయవచ్చు. కత్తెరను చివరిదాకా మూస్తే అంచు మీద గంటు పడుతుంది కాబట్టి కొన మూసుకోకముందే ముందుకు జరుపుతారు. మందమైన రేకుకు జిగ్‌సా, హ్యాక్‌సా, తొక్కుడు షేరింగ్ మెషిన్ వాడతారు. తిన్నని కోతకు మరో పద్ధతి ఉంది: కత్తి మొనతో పలుమార్లు గీసి, బల్ల అంచున అటూ ఇటూ వంచి విరుస్తారు. రంపపు పళ్లకు అల్యూమినియం అంటుకోకుండా కిరోసిన్ గానీ మైనం గానీ రాస్తారు. కోత తర్వాత అంచు పొరకలను ఆకురాయితో తీసేయాలి. రంధ్రాలను మడతకు ముందే, రేకు చదునుగా ఉన్నప్పుడే వేయడం తేలిక. మడత గీతకు మరీ దగ్గరగా వేసిన రంధ్రం మడతలో సాగి గుండ్రతనం కోల్పోతుంది.

## మడత

### వ్యాసార్థం, చీలిక

మెత్తని 1100, 3003 రేకులు, 5052-హెచ్32 పలుచని రేకు దాదాపు తమ మందానికి సమానమైన లోపలి వ్యాసార్థంతో మడతపడతాయి. 6061-టి6కు మందానికి రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వ్యాసార్థం అవసరం. రోలింగ్ వల్ల రేకులో ఒక దిశలో పోగు ఏర్పడుతుంది. దానికి అడ్డంగా మడిస్తే చీలిక అవకాశం తగ్గుతుంది. నాలుగు అంచులూ మడవాల్సిన పెట్టెలో రెండు మడతలు తప్పనిసరిగా పోగు వెంటే వస్తాయి. అందుకే రేకు ఎంపికలో ఆ రెండు మడతలనే ప్రమాణంగా తీసుకోవాలి.

### వెనక్కి లేవడం

మడత ఒత్తిడి తీసేయగానే రేకు కొంత వెనక్కి లేస్తుంది. దీన్ని స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. లోహం బలం పెరిగేకొద్దీ, స్థితిస్థాపక గుణకం తగ్గేకొద్దీ, వ్యాసార్థం పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. అందుకే 90 డిగ్రీలు కావాలంటే రెండు మూడు డిగ్రీలు, గట్టి రేకుకు ఇంకా ఎక్కువ, అదనంగా మడిచి మూలమట్టంతో సరిచూస్తారు.

### మెత్తబరచడం

చల్లని పనితో గట్టిపడిన రేకును వేడిచేసి మెత్తబరచవచ్చు. 1100, 5052లకు సుమారు 345 °సె, 3003కు 415 °సె అవసరం. అల్యూమినియం 660 °సె వద్ద కరుగుతుంది, కరిగేముందు ఎర్రబడదు. అందువల్ల మడత గీత మీద సబ్బు రాసి, అది గోధుమ రంగు దాటి నల్లబడే దాకా వేడిచేస్తారు. మడిచాక 6061కు తిరిగి టి6 బలం రావాలంటే 530 °సె దగ్గర వేడిచేసి నీటిలో చల్లార్చి, ఆపై 160–180 °సె వద్ద గంటల తరబడి ఉంచాలి. ఇది ఇంటి పనికి లొంగేది కాదు.

### పనిముట్లు

ఇంటి పనిలో రెండు ఇనుప యాంగిల్ ముక్కల మధ్య రేకును పట్టించి, వైస్‌లోనో సి-క్లాంపులతోనో బిగించి మడుస్తారు. మడత గీత ఇనుప అంచుకు సరిగ్గా ఆనాలి. ఆ అంచును ముందే ఆకురాయితో కావలసిన వ్యాసార్థానికి గుండ్రంగా చేస్తారు. రేకు పొడవంతా ఆనే గట్టి చెక్కతో ఒకేసారి నెట్టి మడిచాక, మూలను కొయ్య సుత్తితో సరిచేస్తారు. ఇనుప సుత్తితో నేరుగా కొడితే రేకు సాగి అంచు అలలు తేలుతుంది.

బెండింగ్ బ్రేకులో పై దవడ రేకును పట్టుకుంటే, కింది పలక కీలు మీద లేచి మడుస్తుంది. రెండు ఎదురెదురు గోడలు లేచాక మూడో గోడ మడవాలంటే పై దవడ ఆ రెండు గోడల మధ్య ఇమడాలి. ఏకంగా ఉన్న దవడతో అది కుదరదు. అందుకే ట్రే పనికి దవడ ముక్కలు ముక్కలుగా విడదీయగల ఫింగర్ బ్రేకు వాడతారు. కర్మాగారాల్లో ప్రెస్ బ్రేకు ఉంటుంది. అందులో వి ఆకారపు అచ్చు నోటి వెడల్పు సాధారణంగా రేకు మందానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటుంది.

### మడతల క్రమం

అతుకు కోసం వదిలిన చిన్న చెవులను ముందు మడిచి, ఆపై అవి ఉన్న గోడలను, చివరగా మిగిలిన గోడలను లేపుతారు. అంచుకు బిగువు, నునుపు రావాలంటే పై అంచును లోపలికి పూర్తిగా మడుస్తారు. ఈ మడత గోడలు లేవకముందే పూర్తికావాలి.

## అతుకు

### రివెట్లు

ఇంటి పెట్టెలకు ఎక్కువగా వాడేది పాప్ రివెట్. మేకు ఉన్న బోలు రివెట్‌ను రంధ్రంలో పెట్టి, గన్‌తో మేకును లాగితే లోపలి కొన ఉబ్బి మేకు తెగిపోతుంది. లోపలికి చేయి దూరని డబ్బాకు ఇది అనుకూలం. 3.2 మి.మీ. రివెట్‌కు 3.3, 4 మి.మీ.కు 4.1, 4.8 మి.మీ.కు 4.9 మి.మీ. రంధ్రాలు వేస్తారు. రివెట్ వ్యాసం మందమైన రేకుకు సుమారు మూడు రెట్లు ఉండాలి. రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు వ్యాసానికి రెట్టింపు, రివెట్‌కూ రివెట్‌కూ మధ్య కనీసం మూడు రెట్ల దూరం వదలాలి. గట్టి రివెట్‌ను రెండు వైపుల నుంచీ కొట్టి బిగించాలి. దాని కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు బయటికి రావాలి. అది పాప్ రివెట్ కన్నా బలమైనది.

### స్క్రూలు

తరచూ తెరవాల్సిన మూతలకు స్క్రూలే సరైనవి. పలుచని రేకులో మర నిలవదు. అందుకే రివెట్ నట్టు గానీ, మందమైన యాంగిల్ ముక్క గానీ అమరుస్తారు. ఇత్తడి, రాగి మరలు తేమలో అల్యూమినియాన్ని తినేస్తాయి. జింకు పూత ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడతారు. ఉప్పు గాలి తగిలే చోట స్టెయిన్‌లెస్ మరకు కింద నైలాన్ వాషర్ వేస్తారు.

### మడత అతుకు

రెండు అంచులను కొక్కేల్లా మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి నొక్కడమే మడత అతుకు. నూనె డబ్బాల పనిలో ఇది పాత పద్ధతి. మెత్తని పలుచని రేకుకే వీలవుతుంది. నీరు కారకుండా ఉండాలంటే మడతలో సీలెంట్ అవసరం.

### టంకం, బ్రేజింగ్, వెల్డింగ్

అల్యూమినియం మీద గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందమైన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది సుమారు 2,070 °సె దగ్గర గానీ కరగదు. టంకం అంటుకోకపోవడానికి ఈ పొరే కారణం. జింకు-అల్యూమినియం కడ్డీలు 380–390 °సె దగ్గర, 12 శాతం సిలికాన్ ఉన్న బ్రేజింగ్ కడ్డీలు 580 °సె దగ్గర కరుగుతాయి. ముందుగా స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తో పొరను గీకాలి. లోహం వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి పెట్టె మొత్తం వేడెక్కి వంకరపోయే ప్రమాదం ఉంది.

టిగ్ వెల్డింగ్‌లో ఆర్గాన్ వాయువు కింద ఏసీ విద్యుత్తు వాడతారు. ప్రతి చక్రంలో సగం కాలం ఆర్క్ ఆక్సైడ్ పొరను తొలగిస్తుంది. పూరక తీగలుగా 4043, 5356 ఎక్కువగా వాడతారు. 1.5 మి.మీ. కన్నా పలుచని రేకు కరిగి రంధ్రం పడకుండా వెల్డ్ చేయడానికి మంచి అనుభవం కావాలి. వెల్డ్ పక్కన హెచ్, టి టెంపర్ల బలం తగ్గిపోతుంది.

### జిగురు

రెండు భాగాల ఎపాక్సీ జిగురు పక్కకు లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది, అంచు నుంచి ఊడదీసే బలానికి లొంగిపోతుంది. రేకును గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, వెంటనే అతకాలి. జిగురుతోపాటు అక్కడక్కడ రివెట్లు వేస్తే ఆ లోపం తీరుతుంది, నీరు కూడా చొరబడదు. సీలింగ్‌కు వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ కన్నా న్యూట్రల్ రకం మంచిది. మొదటిది ఆరేటప్పుడు విడుదల చేసే ఎసిటిక్ ఆమ్లం లోహాన్ని తింటుంది.

## ఉపరితల చికిత్స

రంగు నిలవాలంటే ముందు జిడ్డు తీసి, ఎచ్ ప్రైమర్ పూయాలి. పౌడర్ కోటింగ్‌ను 180–200 °సె దగ్గర కాలుస్తారు కాబట్టి జిగురు అతుకులున్న పెట్టెకు అది పనికిరాకపోవచ్చు. అనోడైజింగ్‌లో విద్యుత్తుతో ఆక్సైడ్ పొరను మందంగా పెంచుతారు. ఈ పద్ధతి 1923లో బ్రిటన్‌లో సముద్ర విమానాల భాగాల కోసం మొదలైంది. ఉక్కు మేకులున్న రివెట్లు, వేర్వేరు మిశ్రమాలు ఉన్న పెట్టెను బిగించాక కాకుండా, భాగాలుగా ఉన్నప్పుడే అనోడైజ్ చేయాలి.

## విద్యుత్, ఉష్ణ ప్రవర్తన

అల్యూమినియం డబ్బా రేడియో తరంగాలను బాగా అడ్డుకుంటుంది. 10 లక్షల హెర్ట్జ్ దగ్గర తరంగం లోహంలోకి చొరబడే లోతు సుమారు 0.08 మి.మీ. మాత్రమే. 50 హెర్ట్జ్ దగ్గర అది 12 మి.మీ. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత హమ్మింగ్‌ను పలుచని రేకు ఆపలేదు. ఆక్సైడ్ పొర, అనోడైజింగ్, రంగు విద్యుత్తును ప్రసరింపనివ్వవు. ఎర్త్ తీగ బిగించే చోట, మూత ఆనే చోట వాటిని గీకి, పళ్లున్న వాషర్ వేయాలి.

ఎండలో వేడెక్కినప్పుడు ఈ లోహం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అర మీటరు పొడవు పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు అర మిల్లీమీటరు పెరుగుతుంది. ఉక్కు చట్రానికి బిగించేటప్పుడు రంధ్రాలను కొంచెం కోలగా వదులుతారు.

## భద్రత

కోసిన అంచులు చేతులు కోస్తాయి కాబట్టి రేకు పట్టుకునేటప్పుడు చేతి తొడుగులు అవసరం. తిరిగే డ్రిల్ దగ్గర మాత్రం అవి చుట్టుకుపోతాయి, తీసేయాలి. డ్రిల్ వేసే రేకును చేత్తో పట్టుకోకుండా క్లాంపుతో బిగించాలి. మామూలు గ్రైండింగ్ రాయి మీద అల్యూమినియం రుద్దితే రాయి పూడుకుపోయి, వేడెక్కి పగలవచ్చు. సన్నని అల్యూమినియం ధూళి గాలిలో అంటుకుంటుంది. దాన్ని ఇనుప తుప్పు ధూళితో కలిసి పోగుపడనివ్వకూడదు. 230 వోల్టుల పరికరం ఉన్న పెట్టెకు ఎర్త్ తప్పనిసరి. చింతపండు, ఊరగాయ, ఉప్పు వంటివి అల్యూమినియాన్ని తింటాయి కాబట్టి వాటిని ఇలాంటి పెట్టెల్లో నేరుగా నిల్వ చేయకూడదు.

## ఉపయోగాలు

ఎలక్ట్రానిక్ పరికరాల డబ్బాలు, కొలత సాధనాల పెట్టెలు, కెమెరా, వాద్య పరికరాల ట్రంకులు, మోటార్ సైకిల్ పక్క పెట్టెలు, వాహనాల పనిముట్ల పెట్టెలు ఈ పద్ధతిలో తయారవుతాయి. అమెరికాలో ఎర్ల్ హాలిబర్టన్ 1938లో తెచ్చిన అల్యూమినియం సూట్‌కేసులతో ఈ లోహం ప్రయాణ సామగ్రిలోనూ పేరు పొందింది. ఒకటి రెండు పెట్టెలే కావాల్సినప్పుడు పోత అచ్చు ఖర్చు గిట్టుబాటు కాదు. అక్కడ చేతి మడత, పాప్ రివెట్ల జంటే ఎక్కువగా వాడుకలో ఉంది. సంఖ్య వందలకు చేరితే లేజర్ కోత, ప్రెస్ బ్రేకు, వేలకు చేరితే డై కాస్టింగ్ చవక అవుతాయి.

## ఇవి కూడా చూడండి

అల్యూమినియం; అనోడైజింగ్; టిగ్ వెల్డింగ్; డ్యూరాలుమిన్; ప్రెస్ బ్రేకు; రివెట్; రేకు పని; వైర్ గేజి.